మేకు లేని ఓడ, వంచిన కొయ్య

మ్యూజియం కోసం ఒమన్ తీరంలో 9వ శతాబ్దం నాటి ఓడకు మళ్లీ ప్రాణం పోశారు. ఓడ గమ్యం చేరింది. దాన్ని వంచి కుట్టిన చేతుల సంగతే ఇంకా తేలలేదు.

మస్కట్‌లోని మత్రా రేవు నుంచి ఆగ్నేయంగా బయల్దేరే రోడ్డు ఎండకు మాడిన కొండల మధ్య మెలికలు తిరుగుతూ అల్ బుస్తాన్ ప్యాలెస్ హోటల్ దగ్గరికి చేరుతుంది. అక్కడి కూడలిలో, మరో ఊళ్లో అయితే విగ్రహం ఉండాల్సిన చోట, ఓ తెరచాప ఓడ నిలబడి ఉంటుంది. పేరు సొహార్. పొడవు సుమారు 26 మీటర్లు. దాని చుట్టూ కార్లు గిర్రున తిరిగి ఎవరి దారిన వారు పోతుంటాయి. కడప పల్లెల నుంచో కోనసీమ లంకల నుంచో బతుకుతెరువుకు మస్కట్ చేరిన తెలుగువాళ్లలోనూ ఈ ఓడను దాటుకుంటూ పోయిన వాళ్లు తక్కువేమీ ఉండరు. అయితే దాని పలకల్ని పట్టి ఉంచింది ఇనుప మేకులు కాదు, కొబ్బరి తాడు అన్న సంగతి ఆగి చూస్తే తప్ప తెలియదు. ఆ తాడు మన పడమటి తీరానికి అవతలున్న లక్షద్వీప్ నుంచి వచ్చింది. కలప మలబారు అడవుల్లోది. పనస జాతికే చెందిన అయిని మాను.

ఈ కూడలి దాటి రోడ్డు మళ్లీ కొండెక్కి అవతలికి దిగితే కంతబ్ వస్తుంది. మూడు వైపులా బోడి కొండలు, నాలుగో వైపు చిన్న ఇసుక తీరం, ఒడ్డున మరపడవలు. జాలర్ల పల్లె అంటే అంతే. 2008లో ఈ ఒడ్డునే మరో ఓడకు పునాది పడింది. అది కూడలిలో నిలబెట్టడానికి ఉద్దేశించిన ఓడ కాదు. సుమారు ఆరు వేల కిలోమీటర్ల అవతల సింగపూర్‌లోని ఓ మ్యూజియంలో కొలువుదీరాల్సిన ఓడ. దాని పేరు 'జ్యువెల్ ఆఫ్ మస్కట్'. మస్కట్ మణి అనుకోవచ్చు.

సముద్రం దాచిన గిన్నె

ఈ కథ ఇండొనేసియాలో మొదలైంది. 1998లో బెలితుంగ్ దీవి దగ్గర సముద్రంలో మునకలేస్తున్న స్థానికులకు అడుగున పింగాణీ గుట్ట ఒకటి తగిలింది. తవ్వేకొద్దీ అది వేల గిన్నెలైంది. చైనాలోని చాంగ్‌షా బట్టీల్లో కాల్చిన పాత్రలు, బంగారు, వెండి వస్తువులు కలిపి సుమారు 60,000 దాకా తేలాయి. ఒక గిన్నె మీద చెక్కిన తేదీ క్రీ.శ. 826తో సరిపోయింది. అంటే టాంగ్ వంశం ఏలుబడిలో చైనా సరుకు నింపుకుని పడమటికి బయల్దేరిన ఓడ అది. మధ్య దారిలో మునిగింది.

సరుకు కంటే ఓడే పండితులను ఎక్కువ ఆశ్చర్యపరిచింది. బురద కింద మిగిలిన పలకల అంచుల వెంట వరసగా రంధ్రాలున్నాయి. మేకులు లేవు. తాడుతో కుట్టిన ఓడ అది. ఆ కట్టుబడి చైనాది కాదు, అరేబియా, పశ్చిమ హిందూ మహాసముద్ర తీరాలది. వెయ్యేళ్లుగా పుస్తకాల్లో చదువుతూ వచ్చిన సముద్ర వాణిజ్యానికి మొదటిసారి కొయ్య సాక్ష్యం దొరికింది.

2005లో సింగపూర్ ఈ సరుకును దాదాపు 3.2 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. గిన్నెలను అద్దాల పెట్టెల్లో పెట్టి చూపించవచ్చు. ఆ గిన్నెలను మోసిన ఓడను ఎలా చూపించాలి? నీటి అడుగున మిగిలింది విరిగిన శకలాలే. వాటి ఆధారంగా కొత్తగా ఓడ కట్టి చూపించాలని ఒమన్, సింగపూర్ ప్రభుత్వాలు నిర్ణయించుకున్నాయి. ఒమన్ కట్టించి కానుకగా ఇవ్వాలి, సింగపూర్ దానికి ఇల్లు కట్టాలి. అదీ ఒప్పందం. నిర్మాణ బాధ్యత సముద్ర పురావస్తు శాస్త్రవేత్త టామ్ వోస్మర్‌కు అప్పగించారు.

అసలు ఓడ నక్షా ఏదీ లేదు. వెయ్యేళ్ల కిందట ఓడలు కట్టిన వాళ్లు కాగితం మీద గీతలు గీసి పెట్టుకోలేదు. శకలాల కొలతలు, పాత చిత్రాలు, ఈ తీరాల్లో నిన్నమొన్నటి దాకా బతికి ఉన్న కుట్టు పడవల అలవాట్లు, వీటిని కలిపి ఆకారం ఊహించారు. 18 మీటర్ల పొడవు, సుమారు ఆరున్నర మీటర్ల వెడల్పు తేలింది. మునిగిన ఓడలో వాడిన కలపను పరీక్షిస్తే ఆఫ్రికాలో పెరిగే అఫ్జేలియా అని తెలిసింది. కొత్త ఓడకూ అదే మానును ఘనా నుంచి తెప్పించారు. మ్యూజియంలో పెట్టే వస్తువుకు ఇంత పట్టింపు ఎందుకని అడిగేవారికి ఒకటే సమాధానం. కొయ్య మారితే వంపు మారుతుంది. వంపు మారితే ఓడే మారిపోతుంది.

ఆవిరిలో మెత్తబడే మొండి కొయ్య

ఓడలో తిన్నగా ఉండే పలక దాదాపు ఉండదు. నడుమ దగ్గర ఉబ్బి, రెండు చివరలకూ సన్నబడుతూ, అదే సమయంలో మెలి తిరుగుతూ పోవాలి. రెండు, మూడు అంగుళాల మందం ఉన్న గట్టి కొయ్యను అలా లొంగదీయడం బలప్రయోగంతో అయ్యే పని కాదు. బలవంతం చేస్తే పెళ్లున విరుగుతుంది.

అందుకు ఆవిరి కావాలి. పలకను పొడవాటి పెట్టెలోకి తోసి, కింద నీళ్లు మరిగించి ఆవిరి పట్టిస్తారు. వాసెన కట్టి కుడుములు ఉడికించే పద్ధతే, కాకపోతే కొలత పెద్దది. కొయ్యలోని పీచును పట్టి ఉంచే జిగురు లాంటి పదార్థం వేడికీ తేమకూ మెత్తబడుతుంది. అంగుళం మందానికి గంట చొప్పున ఆవిరి పట్టాలన్నది ప్రపంచమంతటా ఓడ వడ్రంగులు పాటించే మోటు లెక్క. అయితే కొయ్య కొయ్యకూ తేడా ఉంటుంది. ఎప్పుడు తీయాలో గడియారం సగమే చెబుతుంది. మిగతా సగం వాసన, రంగు, అనుభవం చెప్పాలి.

పెట్టెలోంచి తీసిన తర్వాత చేతిలో ఉండేది కొన్ని నిమిషాలే. చేతులకు గుడ్డలు చుట్టుకున్న మనుషులు పలకను పరుగున మోసుకొచ్చి ఓడ పక్కకు చేర్చాలి. ఒక చివర బిగించి, రెండో చివర నుంచి తాళ్లతో, మీటలతో, చీలలతో కొద్దికొద్దిగా లాగుతూ వంచాలి. ఒకరు తొందరపడితే పీచు చిట్లుతుంది. ఒకరు ఆలస్యం చేస్తే కొయ్య చల్లారి మళ్లీ మొండికేస్తుంది. వంపు కుదిరిన తర్వాత కూడా అది కాస్త వెనక్కి తన్నుతుంది. అందుకే కావాల్సిన దానికంటే నాలుగు వేళ్లు ఎక్కువే వంచుతారు. ఎంత ఎక్కువ అన్నది ఏ పుస్తకంలోనూ కచ్చితంగా దొరకదు. కళ్లు సగం మూసి ఓడ వంపును ఓరగా చూసే పెద్ద మేస్త్రి కంటిలో ఉంటుంది.

అక్కడితో అయిపోదు. కొత్త పలక అంచు కింది పలక అంచుమీద వెంట్రుక సందు లేకుండా కూర్చోవాలి. తగిలిన చోట గుర్తు పెట్టుకుని, విప్పి, చిత్రిక పట్టి, మళ్లీ ఎక్కించి చూస్తారు. ఒక్క పలకకే ఇలా ఎన్నోసార్లు ఎక్కించి దించాల్సి ఉంటుంది. సరిపోయింది అనుకున్నాక అంచుల వెంట బరమాతో జంటలు జంటలుగా రంధ్రాలు వేస్తారు. ఒకడు ఓడ లోపల, ఒకడు బయట కూర్చుంటారు. తాడు ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి రంధ్రాల గుండా నడుస్తుంది. కుట్టు కింద సందు వెంబడి కొబ్బరి పీచు మెత్తగా పరుస్తారు. ప్రతి కుట్టునూ మీటతో బిగించాలి. వదులైతే నీరు వస్తుంది, మరీ బిగిస్తే తాడు తెగుతుంది. చివరికి రంధ్రాల్లో పీచు కూరి గుగ్గిలంతో మూస్తారు. కొయ్యకు చేప నూనె పట్టిస్తారు. నీటిలో ఉండే భాగానికి పురుగు పట్టకుండా జంతువుల కొవ్వు, సున్నం కలిపి పూయడం ఈ తీరాల పాత అలవాటు.

ఈ పద్ధతిలో ఓ తమాషా ఉంది. పడమటి దేశాల్లో తర్వాతి కాలంలో స్థిరపడ్డ పద్ధతి ప్రకారం ముందు పక్కటెముకలు నిలబెట్టి వాటి మీద పలకలు కొడతారు. కుట్టు ఓడకు ముందు చర్మం, తర్వాత ఎముకలు. పలకలన్నీ కుట్టి ఆకారం వచ్చాకే లోపల పక్కటెముకలు అమర్చి తాళ్లతో కట్టేస్తారు. అంటే ఆకారాన్ని నిలబెట్టడానికి ముందుగా ఏ చట్రమూ ఉండదు. వంచిన పలకే ఆకారం.

పక్కటెముకలకు మాత్రం ఆవిరి పనికిరాదు. అవి మరీ మందం. వాటికి చెట్టే వంగి పెరిగి ఉండాలి. తిన్నని దుంగను వంకరగా కోస్తే పీచు తెగిపోయి బలం పోతుంది. వంకర కొమ్మలో పీచు వంపు వెంటే నడుస్తుంది. నాగలి కోసం సరైన వంకర ఉన్న తుమ్మ కొమ్మను వెతుక్కుంటూ మన పల్లెల్లో వడ్రంగి చెట్టు చెట్టూ తిరిగేవాడు. ఓడ వడ్రంగిదీ అదే వెతుకులాట. అడవిలో నిలబడి ఉన్న చెట్టును చూసి, ఇది ఓడలో ఎక్కడ ఇముడుతుందో చెప్పగలగడమే అతని అసలు చదువు.

కంతబ్ ఒడ్డున ఒమన్ వాళ్లతో పాటు కేరళ నుంచి వచ్చిన పనివాళ్లు కూడా ఈ పని చేశారు. అంతకు ముందు 1980లో ఐర్లండ్‌లో స్థిరపడిన సాహస యాత్రికుడు టిమ్ సెవెరిన్ సొహార్‌ను ఒమన్‌లోని సూర్ పట్టణంలో కట్టించినప్పుడు పలకలు కుట్టింది లక్షద్వీప్ వాసులు. రెండుసార్లూ కుట్టే చెయ్యి కోసం అరబ్బు సముద్రం ఇవతలికే రావాల్సి వచ్చింది.

కుట్టు ఎందుకు?

ఇనుము తెలియక కుట్టారనుకుంటే పొరపాటు. కత్తులు, గొలుసులు చేసుకున్న వాళ్లకు మేకులు చేసుకోవడం కష్టం కాదు. సముద్రంలో అయస్కాంతపు కొండలుంటాయని, మేకులున్న ఓడలను అవి లాగేసుకుంటాయని మధ్యయుగాల్లో ఓ కట్టుకథ చలామణీలో ఉండేది. 13వ శతాబ్దంలో హర్ముజ్ రేవుకు వచ్చిన మార్కో పోలోకు ఈ కుట్టు ఓడలు ఏమాత్రం నచ్చలేదు. వాటిలో ప్రయాణం ప్రాణాలతో చెలగాటమన్నట్టు రాసిపెట్టాడు.

కారణం కొండల్లో లేదు, కెరటాల్లో ఉంది. మేకు కొట్టిన పడవ బిర్రుగా ఉంటుంది. ఇసుక మీద కెరటం విసిరికొడితే మేకు దగ్గర పలక చీలుతుంది. కుట్టిన పడవ కాస్త వంగుతుంది, దెబ్బను తనలోనే ఇముడ్చుకుంటుంది. ఈ నిజం కోరమాండల్ తీరానికి తెలిసినంతగా మరెవరికీ తెలియదు. సహజ రేవులు తక్కువైన ఈ తీరంలో ఓడలు దూరంగా లంగరు వేస్తే, మనుషులనూ సరుకునూ కెరటాల మీదుగా ఒడ్డుకు చేర్చినవి కుట్టు పడవలే. ఇంగ్లిషు వాళ్లు వాటిని 'మసులా' పడవలన్నారు. ఆ పేరు మచిలీపట్నం నుంచే వచ్చిందని ఓ వాదన. 19వ శతాబ్దం చివర్లో మద్రాసుకు కృత్రిమ రేవు కట్టే దాకా దొరలైనా దొరసానులైనా మసులా ఎక్కితే తప్ప నేల మీద కాలు పెట్టలేకపోయేవారు.

ఇంకా వెనక్కి వెళ్తే, క్రీ.శ. 1వ శతాబ్దం నాటి గ్రీకు నావికుల గ్రంథం 'పెరిప్లస్' ఒమనా రేవు నుంచి ఎగుమతయ్యే కుట్టు పడవలను ప్రస్తావిస్తుంది. అదే గ్రంథంలో సన్నని వస్త్రాలకు పేరుపొందిన మసాలియా, అంటే నేటి కృష్ణా తీర ప్రాంతం కూడా కనిపిస్తుంది. ఆ తర్వాతి శాతవాహన రాజులు తమ సీసపు నాణేలపై రెండు కొయ్యల తెరచాప ఓడను ముద్రించారు. కంతబ్‌లో కట్టిన ఓడ అరబ్బుల ఒంటరి వారసత్వం కాదు. ఈ సముద్రం చుట్టూ ఉన్న వాళ్లందరి ఉమ్మడి ఆస్తి.

గాజు గోడల మధ్య

మ్యూజియంలో పెట్టే ఓడను సముద్రంలో నడపాల్సిన అవసరం ఏమిటి? ఓ పెద్ద నౌకలో ఎక్కించి పంపేస్తే సరిపోయేది. కానీ కుట్టు నిజమైనదో కాదో తేల్చేది సముద్రమే. 2010 ఫిబ్రవరి 16న కెప్టెన్ సాలెహ్ అల్ జాబ్రీ నాయకత్వంలో జ్యువెల్ ఆఫ్ మస్కట్ తెరచాప ఎత్తింది. కొచ్చిన్, శ్రీలంకలోని గాలే, మలేసియాలోని పెనాంగ్ మీదుగా వెళ్లింది. గాలేలో తెరచాప కొయ్యలు మార్చుకోవాల్సి వచ్చింది. జూలై 3న సింగపూర్ చేరింది. తాడు తెగలేదు, వంపు చెదరలేదు.

2011 అక్టోబరులో సెంటోసా దీవిలో తెరిచిన సముద్రయాన మ్యూజియంలో ఈ ఓడే ప్రధాన ఆకర్షణ అయింది. సరుకు ప్రయాణం మాత్రం అంత సాఫీగా సాగలేదు. బెలితుంగ్ సరుకును వెలికితీసింది పురావస్తు శాఖ కాదు, వాణిజ్య సంస్థ. అలా తీసినవి ప్రదర్శిస్తే దోపిడీకి మర్యాద కట్టబెట్టినట్టేనని పురావస్తు శాస్త్రవేత్తలు అభ్యంతరం చెప్పారు. దాంతో వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ సంస్థ తలపెట్టిన ప్రదర్శనను 2011లో రద్దు చేసుకోవాల్సి వచ్చింది. ఆ వస్తువులు ఇప్పుడు సింగపూర్ ఏషియన్ సివిలైజేషన్స్ మ్యూజియంలో ఉన్నాయి. పురాతన వస్తువును కొనవచ్చా, కొంటే చూపించవచ్చా అన్న వాదన ఇంకా తెగలేదు. కొత్తగా కట్టిన ఓడకు ఆ మచ్చ లేదు. దాన్ని ఎవరి సమాధిలోంచీ తవ్వి తీయలేదు.

అయితే ఆ ఓడకు వేరే చిక్కు ఉంది. కుట్టు ఓడ బతికేది తడిలో. నీళ్లలో కొయ్య ఉబ్బి సందులు మూసుకుంటాయి, తాడు బిగుస్తుంది. ఏసీ గాలిలో కొయ్య ఎండుతుంది, కుంచించుకుపోతుంది, కుట్టు వదులవుతుంది. పూర్వం ఈ ఓడల యజమానులు నిర్ణీత కాలానికోసారి పాత తాడు కోసేసి కొత్త తాడుతో మళ్లీ కుట్టించేవారు. నూనె పట్టించేవారు. కుట్టు ఓడ ఎప్పటికీ పూర్తయిన వస్తువు కాదు. దాన్ని కట్టడం, విప్పడం, మళ్లీ కట్టడం అంతా ఒకటే పని. మ్యూజియం దృష్టి దీనికి పూర్తిగా విరుద్ధం. అక్కడికి చేరిన వస్తువును ఎవరూ ముట్టుకోకూడదు. తాడు కట్టి దూరం నుంచి చూడమంటారు.

ఆ మ్యూజియం కూడా ఎంతో కాలం నిలవలేదు. 2020లో మూతపడింది. పక్కనున్న అక్వేరియం విస్తరణకు ఆ చోటు అవసరమైంది. విస్తరించిన అక్వేరియం 2025లో కొత్త పేరుతో తెరుచుకుంది. వెయ్యేళ్ల నాటి పనితనాన్ని పదిలపరచడానికని తెరిచిన ఇల్లు పదేళ్లు కూడా నిండకుండానే తలుపులు మూసుకుంది.

ముప్పై ఏళ్లకో ఆర్డరు

ఓడను నమ్ముకోలేకపోయినా, చేతులను నమ్ముకోవచ్చని గోవా చెప్పింది. 2023 జూలైలో కేంద్ర సాంస్కృతిక శాఖ, భారత నౌకాదళం, గోవాకు చెందిన హోడీ ఇన్నోవేషన్స్ సంస్థ ఓ ఒప్పందం చేసుకున్నాయి. 5వ శతాబ్దం నాటి అజంతా గుహాచిత్రంలో కనిపించే ఓడను మళ్లీ కట్టాలన్నది దాని సారాంశం. ఆర్థికవేత్త సంజీవ్ సన్యాల్ ఈ ఆలోచన వెనుక ఉన్నారు. ఆ ఏడాది సెప్టెంబరు 12న అడుగు దూలం నిలిపారు. పని నడిపించింది కేరళకు చెందిన ఓడ మేస్త్రి బాబు శంకరన్, ఆయన బృందం. అదే ఆవిరి, అదే కొబ్బరి తాడు, అదే గుగ్గిలం, అదే చేప నూనె.

ఈసారి ఆధారం శకలాలు కూడా కాదు, గోడ మీది బొమ్మ. బొమ్మలో ఓడకు ఒక పక్కే కనిపిస్తుంది. దాన్ని నమ్మి మనుషులను సముద్రం మీదికి పంపలేరు. అందుకని ఐఐటీ మద్రాస్ సముద్ర ఇంజినీరింగ్ విభాగంలో నమూనాను నీటిలో పరీక్షించారు. మేస్త్రి కన్ను, శాస్త్రవేత్త లెక్క పక్కపక్కన కూర్చున్న అరుదైన సందర్భమది. 2025 ఫిబ్రవరిలో ఓడ నీళ్లలోకి దిగింది. మే 21న కార్వార్‌లో నౌకాదళంలో చేరింది. ఆగ్నేయాసియాకు ఓడ నడిపాడని చెప్పే కౌండిన్యుడి పేరు పెట్టారు. డిసెంబరు 29న పోర్‌బందర్ నుంచి బయల్దేరి, 2026 జనవరి 14న, ఇక్కడ సంక్రాంతి సంబరాల్లో ఊళ్లు మునిగి ఉన్న వేళ, మస్కట్ రేవు చేరింది. సొహార్ నిలబడి ఉన్న ఊరికే. జ్యువెల్ ఆఫ్ మస్కట్ కట్టిన ఊరికే.

సంతోషించదగ్గ విషయమే. కానీ లెక్క వేసుకుంటే గుండె జారుతుంది. 1980, 2009, 2025. సముద్రం దాటగల పెద్ద కుట్టు ఓడల్లో ప్రపంచం దృష్టికి వచ్చినవి ఇవి. మధ్య ఎడం ఒకసారి దాదాపు ముప్పై ఏళ్లు, ఒకసారి పదహారేళ్లు. ఇరవై ఏళ్ల వయసులో సొహార్ పలక పట్టుకున్న కుర్రాడు తర్వాతి ఓడ నాటికి యాభైకి చేరి ఉంటాడు. దాని తర్వాతి ఓడ నాటికి అరవై అయిదు. వంపు కళ్లతో చూసి నేర్చుకునేది, చేత్తో తడిమి నేర్చుకునేది. వీడియో తీసి దాచుకోవచ్చు గానీ, వేడి పలక చల్లారుతున్నప్పుడు ఎంత లాగాలో వీడియో చెప్పదు. ఈ వరసలో ఒక్క ఓడ తప్పినా ఆ తర్వాత కట్టమనడానికి మనిషి మిగలకపోవచ్చు.

మన తీరంలో ఆ వరస దాదాపు తప్పిపోయింది. శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా ఒడ్డున ఇప్పుడు కనిపించేవి ఫైబర్ పడవలు. తేలిక, చవక, ఏటా విప్పి కుట్టే బాదరబందీ లేదు. జాలరి వాటికి మళ్లడంలో తప్పేమీ లేదు. అతను బతకడానికి వేటకు వెళ్తాడు, వారసత్వం కాపాడటానికి కాదు. 18, 19 శతాబ్దాల్లో ఓడల తయారీకి, మరమ్మతులకు పేరు మోసిన కోరంగి 1839 తుపానులో దెబ్బతిన్నాక మళ్లీ ఆ దశకు చేరుకోలేదు. గోదావరి పాయల వెంట తాళ్లరేవు ప్రాంతంలో కొయ్య పడవల పనివాళ్ల పేరు నిలిచింది గానీ, తాడుతో ఓడ కుట్టాల్సి వస్తే మాత్రం కబురు కేరళకే వెళ్లాలి.

పూరీ నేర్పే పాఠం

దీనికి విరుగుడు మన పొరుగునే ఉంది. పూరీ జగన్నాథుడి మూడు రథాలను ఏటా కొత్తగా కడతారు. అక్షయ తృతీయ నాడు పని మొదలుపెట్టి రథయాత్ర నాటికి మూడింటికీ కలిపి 42 చక్రాలు సిద్ధం చేస్తారు. యాత్ర ముగిశాక విప్పేస్తారు. రథాన్ని భద్రపరచాలన్న ఆత్రం ఎవరికీ లేదు. అందుకే రథం కట్టే విద్య భద్రంగా ఉంది. తండ్రి పక్కన నిలబడి కొడుకు ఏటా ఓసారి నేర్చుకుంటాడు. ఒకవేళ వంద ఏళ్ల కిందటి రథాన్నే పెద్ద హాల్లో పెట్టి దీపాలు వేసి ఉంటే, వస్తువు మిగిలేది, వడ్రంగి మిగిలేవాడు కాదు.

గుజరాత్‌లో హరప్పా నాగరికత నాటి రేవుగా పేరున్న లోథల్‌లో జాతీయ సముద్ర వారసత్వ సముదాయం రూపుదిద్దుకుంటోంది. 2024 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గం దాని అభివృద్ధికి ఆమోదం తెలిపింది. మొత్తం 14 గ్యాలరీలు రావాలి. అలాంటి చోట ఓడలు ఉంటాయి, ఉండాలి కూడా. అవి పూర్తయిపోయిన ఓడలా, ఎప్పటికప్పుడు కుడుతూ ఉండే ఓడలా అన్నదే ప్రశ్న. ఓ మూల ఆవిరి పెట్టె పెట్టి, ఏటా కొన్ని పలకలు విప్పి, వంచి, మళ్లీ కుడుతూ ఉంటే సందర్శకుడికి అంతకు మించిన ప్రదర్శన ఉండదు. పనివాడికి జీతం, అతని పక్కన కుర్రాడికి పాఠం. కుట్టు ఓడ స్వభావం కూడా అదే కోరుతుంది. విప్పడానికి వీలుగా కట్టిన వస్తువును విప్పకుండా కాపాడాలనుకోవడమే అసలు పొరపాటు.

ఇందుకు పెద్ద ఖర్చేమీ కాదు. కేరళలో ఈ విద్య తెలిసిన మేస్త్రులు ఇంకా ఉన్నారు. మలబారులో అయిని చెట్లు పెరుగుతూనే ఉన్నాయి. కోనసీమలో కొబ్బరి పీచుకు కొదవ లేదు. లేనిదల్లా మధ్యలో ఎడం పడకుండా వచ్చే ఆర్డరు.

అల్ బుస్తాన్ కూడలిలో సొహార్ ఇవాళ్టికీ నిలబడే ఉంది. 1980 నవంబరులో మస్కట్ నుంచి బయల్దేరి మరుసటి ఏడాది జూలైలో చైనాలోని గ్వాంగ్‌జౌ చేరిన ఓడ అది. దాన్ని కట్టించిన సెవెరిన్ 2020లో కన్నుమూశారు. కుట్టిన ద్వీపవాసుల పేర్లు అటుగా వెళ్లే ఏ డ్రైవరుకూ తెలియవు. ఇప్పుడా ఓడ ఎటూ వెళ్లదు. దాని చుట్టూ తిరిగి కొండ మీదికి ఎక్కే రోడ్డు మాత్రం కంతబ్‌కు, ఆ ఒడ్డున ఒకప్పుడు పలకలు ఆవిరిలో మెత్తబడిన చోటికి పోతుంది.